పన్నెండు మెట్ల కిన్నెర: ఆశుకవిత్వం ఎవరి సొత్తు?

జానపద కళలు అంతరించిపోతున్నాయని వాపోవడం మనలో ఒక ఆచారమైపోయింది. సభ జరుగుతుంది. ఒక కళాకారుడికి శాలువ కప్పుతారు. ఆయన ఒక పాట పాడతాడు. వక్తలు లేచి "వీరితో ఈ కళ ముగిసిపోతుంది" అని గొంతు గద్గదం చేసుకుంటారు. ఆ తర్వాత అందరూ భోజనాలకు లేస్తారు. ఆ పాటలో ఏమున్నది, అది ఎట్లా కట్టబడింది, పాడినవాడు పాడుతూ పాడుతూ ఏ మాట వదిలి ఏ మాట పట్టుకున్నాడు, విన్నవాళ్లు దానికి ఏం కలిపారు? ఈ ప్రశ్నలు ఎవరూ వెయ్యరు. ఒక ఖండకావ్యం మీద, ఒక కథానిక మీద నలభై పుటలు రాయగల విమర్శకులు కూడా కిన్నెర పాట దగ్గరికి వచ్చేసరికి జాలి తప్ప మరో పనిముట్టు లేనట్టు నిలబడిపోతారు. జాలి విమర్శ కాదు. జాలిపడేవాడు తాను పై మెట్టు మీద వున్నాననుకుంటాడు.

దర్శనం మొగులయ్య పాటను ఈ వ్యాసంలో పరిశీలనకు పెడుతున్నాను. శ్రీశ్రీ "రాశాడు" అని ఎట్లా అంటామో అట్లాగే మొగులయ్య "పాడాడు" అంటాను. విమర్శలో అందరికీ ఒకే పీట. ఆయనది నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట. నల్లమల అంచున వున్న పల్లె. కులం డక్కలి. 2021 సెప్టెంబరులో "భీమ్లా నాయక్" చిత్రం పాట మొదట్లో ఆయన గొంతు వినిపించిన తర్వాతనే చదువుకున్నవాళ్లలో చాలామంది ఆయన పేరు విన్నారు. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. సాధారణంగా ఆయన గురించిన వ్యాసాలన్నీ అక్కడే మొదలై అక్కడే ముగుస్తాయి. నేను పాన్‌గల్ నుంచి మొదలుపెడతాను.

పాన్‌గల్ ఇప్పుడు వనపర్తి జిల్లాలో మండల కేంద్రం. 2016లో జిల్లాలు విడగొట్టక ముందు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా. ప్రజల నోట పాలమూరు. పాన్‌గల్ కొండమీద పాత కోట వుంది. కోటల గురించి చరిత్ర గ్రంథాలు చెప్పేది ఎప్పుడూ ఒకటే కథ: ఎవరు ముట్టడించారు, ఎవరు పట్టుకున్నారు, ఎవరు వదిలిపోయారు. కోటలో కూర్చున్నవాళ్ల సంగతి పుస్తకాలకెక్కింది. కోట కింది పల్లెల్లో ధాన్యపు కొట్టు పగలగొట్టి కరువు రోజుల్లో పంచినవాడి సంగతి కిన్నెర తీగమీద మిగిలింది. రెండూ చరిత్రే. ఒకదానికి శాసనాలు, దస్తావేజులు సాక్ష్యం. రెండోదానికి మొగులయ్యలాంటి వారి జ్ఞాపకశక్తి సాక్ష్యం. పండితులు మొదటిదాన్ని చరిత్ర అన్నారు, రెండోదాన్ని "గాథ" అన్నారు. ఈ విభజనలో ఎంత శాస్త్రం వుందో, ఎంత వర్గదృష్టి వుందో విద్యార్థులు ఆలోచించాలి.

ఇదే ప్రాంతంలో నిజాం రాజ్యానికి లోబడి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు వుండేవి. విద్వాంసుల్ని పోషించిన సంస్థానంగా గద్వాలకు గొప్ప పేరు. తిరుపతి వేంకట కవులు తమ పర్యటనల్లో ఇటువైపు సంస్థానాలకూ వచ్చారు. అవధానాలు చేశారు, ప్రభువుల ఎదుట నిలబడి ఆశువుగా పద్యాలు చెప్పారు, సన్మానాలు అందుకున్నారు. రాజుల దగ్గర చెప్పిన పద్యాలు "నానారాజ సందర్శనము" అన్న పేరుతో అచ్చయినవి కూడా. ఆ జంటకవుల ప్రతిభను తక్కువ చేసే వుద్దేశం నాకు లేదు. పద్యాన్ని పండితుల గడప దాటించి సామాన్యుడి నోటికి తెచ్చినవాళ్లు వాళ్లు. అయితే ఇక్కడొక విషయం గమనించాలి. ఎదుటివాడి పేరు, వంశం, దానగుణం అప్పటికప్పుడు ఛందస్సులో ఇమిడ్చి చెప్పి బహుమానం పుచ్చుకోవడం ఆస్థానంలో జరిగితే దాని పేరు ఆశుకవిత్వం. సరిగ్గా అదే పని, ఎదుటివాడి పేరు, వంశం, పెట్టుగుణం అప్పటికప్పుడు పదంలో ఇమిడ్చి పాడి చాటెడు గింజలు పుచ్చుకోవడం, మాదిగవాడలో జరిగితే దాని పేరు అడుక్కోవడం. కవితా ప్రక్రియలో తేడా లేదు. ఎదురుగా కూర్చున్నవాడి ఆస్తిలో తేడా వుంది.

సురవరం ప్రతాపరెడ్డి ఈ నేల మనిషే. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చి 354 మంది కవుల్ని చూపించాడు. ఆ పని తెలుగు సాహిత్యంలో ఒక పోరాటం. ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాజుల చరిత్రను పక్కకు నెట్టి ప్రజల ఆటపాటల్ని, తిండినీ, బట్టనూ చరిత్రగా నిలబెట్టింది. కాని 354 మంది కవుల లెక్క కాగితం మీద రాసినవారి లెక్క. కిన్నెర పట్టి పదం కట్టినవారి సంచిక అట్లా ఎవరూ వెయ్యలేదు. 1958లో బిరుదురాజు రామరాజు "తెలుగు జానపద గేయ సాహిత్యము" వచ్చిన తర్వాత విశ్వవిద్యాలయం తలుపు కొంత తెరుచుకున్నది. తర్వాతి కాలంలో జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారు పాలమూరు పల్లెల్లో తిరిగి వాద్యాల్నీ, వాటిని వాయించేవారినీ వెతికి చూపించారు. సేకరణ జరిగింది. విమర్శ ఇంకా జరగవలసే వుంది.

ముందు వాద్యం సంగతి. కిన్నెర తెలుగుకు కొత్తది కాదు. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడికి దాని పరిచయం వుంది. కిన్నెర వాయించి బతికిన శివభక్తుడు కిన్నర బ్రహ్మయ్య కథ "బసవపురాణం"లోనే వున్నది. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, మైనం: ఇదీ దాని సామగ్రి. మెట్లను మైనంతో బొంగుమీద అతుకుతారు. అడవి దగ్గర బతికేవారు వెనక అలుగు పెంకుల్ని మెట్లుగా వాడేవారు. ఏ ఒక్కటీ అంగడి సరుకు కాదు. ఏడు మెట్ల కిన్నెర ఎక్కువ వాడుకలో వుండేది. మొగులయ్య చేతిలోది పన్నెండు మెట్లది. మెట్లు పెరిగితే స్వరాలు పెరుగుతాయి. స్వరాలు పెరిగితే పాట మాటను ఇంకా దగ్గరగా వెంబడించవచ్చు. ఆయన తన కిన్నెరను తనే చేసుకుంటాడు. పదం కట్టేవాడు, పాడేవాడు, వాయించేవాడు, వాద్యం తయారుచేసేవాడు ఒక్కడే. మన ఆధునిక కళలో ఈ నాలుగు పనులూ నలుగురికి పంచబడ్డాయి. ఒకడి పని మరొకడికి తెలియదు. శ్రమవిభజన గురించి తరగతిలో చెప్పేటప్పుడు నాకు కిన్నెర ఎప్పుడూ గుర్తుకొస్తుంది.

పాడే తీరు చూడండి. ఒక చరణం గొంతుతో అంటాడు. ఆ వెంటనే అదే చరణాన్ని కిన్నెరతో అనిపిస్తాడు. విన్నవాడికి తీగ మాట్లాడినట్టే వుంటుంది. ఇది కేవలం చమత్కారం కాదు. కిన్నెర బదులు చెప్పే ఆ కొద్ది విరామంలో పాటగాడు తరువాతి చరణం కట్టుకుంటాడు. విన్నవాడు ముందటి చరణాన్ని మనసులో పెట్టుకుంటాడు. నడుమ తనను తానే మెచ్చుకుంటూ, కథలో మనిషిని మెచ్చుకుంటూ ఒక కేక వేస్తాడు. ఆ కేకకు గుంపులోంచి మరో కేక వస్తుంది. బుర్రకథలో వంతలు చేసే పని ఇక్కడ సగం తీగ చేస్తుంది, సగం గుంపు చేస్తుంది.

మొగులయ్య పాడే కథల్లో ప్రసిద్ధమైనది పండుగ సాయన్న కథ. నిజాం పాలనలో, పంతొమ్మిదో శతాబ్దంలో, ముదిరాజు కులంలో పుట్టి, కలిగినవాళ్ల సొమ్ము దోచి లేనివాళ్లకు పంచి, చివరికి పాలకుల చేతిలో చచ్చిన పాలమూరు వీరుడు సాయన్న. ఇట్లాంటి మనుషుల్ని ఎరిక్ హాబ్స్‌బామ్ 1969లో తన "బందిపోట్లు" గ్రంథంలో సాంఘిక బందిపోట్లు అన్నాడు. ప్రభుత్వం దృష్టిలో నేరస్థుడు, తన రైతుల దృష్టిలో వీరుడు. వ్యవస్థను మార్చే కార్యక్రమం అతనికి వుండదు, అన్యాయానికి హద్దు గీసే తెగింపు మాత్రం వుంటుంది. సాయన్నకు ఈ వర్ణన సరిపోతుంది. కాని హాబ్స్‌బామ్ చెప్పింది బందిపోటు గురించి. బందిపోటును పాటలో వీరుణ్ణి చేసినవాడి గురించి మనం చెప్పుకోవాలి. దొరల తరఫున సాయన్న గురించి ఏమి రాసుకున్నా అది దొంగ అనే రాత. ఆ రాతను కొట్టివేసి మరో తీర్పు రాసింది పాటగాళ్లు. తీర్పు ఇచ్చే అధికారం వాళ్లకు ఎవరిచ్చారు? విన్నవాళ్లే ఇచ్చారు. సాయన్న కథ వినడానికి కూర్చున్నది సాయన్న పంచిన గింజలు తిన్నవాళ్ల బిడ్డలు. వాళ్ల ముందు మరో తీర్పు పాడితే పాటగాడికి ఆ పూట గింజలు పుట్టవు.

ఈ కథల్ని కంఠస్థం చేసి అప్పజెబుతున్నారని అనుకోవడం చదువుకున్నవాళ్ల భ్రమ. 1933 నుంచి 1935 దాకా మిల్మన్ పారీ అనే పండితుడు యుగోస్లావియా కొండపల్లెల్లో తిరిగి, ఒంటితీగ వాద్యం గుస్లె మీద వీరగాథలు పాడే చదువురాని పాటగాళ్లను రికార్డు చేశాడు. ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో తన గ్రంథంలో ఒక సత్యాన్ని నిరూపించాడు: పాటగాడు కథను గుర్తుంచుకుని చెప్పడు, ప్రతిసారీ కొత్తగా కడతాడు. వాడి దగ్గర సిద్ధంగా వుండేది కథ మొత్తం కాదు. కొన్ని పలుకుబళ్లు, కొన్ని ఘట్టాలు, వాటిని అతికే ఒక లయ. సభను బట్టి, పొద్దును బట్టి, గుంపు వుత్సాహాన్ని బట్టి కథ పెరుగుతుంది, తరుగుతుంది. హోమరును అర్థం చేసుకోవడానికి ఆ పరిశోధన చేశారు. పాలమూరు కిన్నెరను అర్థం చేసుకోవడానికి మనం హోమరు దాకా పోనక్కరలేదు గాని, లార్డ్ చెప్పిన మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు అక్కరకొస్తుంది. సాయన్న పుట్టుక చెప్పాలి, తల్లిని చెప్పాలి, తండ్రిని చెప్పాలి, అడవిని చెప్పాలి, ఆయుధం చెప్పాలి. ఈ గళ్లు స్థిరం. ఏ గడిలో ఎంతసేపు నిలబడాలి అన్నది ఆ రాత్రి ఎదురుగా కూర్చున్నవాళ్లు నిర్ణయిస్తారు.

ఒకసారి పాన్‌గల్ వైపు పిల్లలున్న తరగతిలో కిన్నెర విన్నవాళ్లు చేతులెత్తమన్నాను. అందరూ ఎత్తారు. ఫోనులో కాక ఎదురుగా విన్నవాళ్లు ఎవరని అడిగితే రెండు చేతులు మిగిలాయి. అందులో ఒక మాదిగ పిల్లవాడు లేచి, "మా చిన్నప్పుడు డక్కలాయన వొచ్చి పాడుతుంటే మా నాయినమ్మ పేరు పాటల వొచ్చింది సార్. ఆమెకెంత కోపముండె అప్పుడు ఆయన మీద! పేరు వొచ్చినంక ఇంట్లకు పోయి చాటనిండ జొన్నలు తెచ్చింది" అన్నాడు. తరగతి నవ్వింది. ఆ పిల్లవాడు చెప్పినదానిలో ఒక సౌందర్యశాస్త్రం వుంది. శ్రోత ఈ పాట బయట లేడు. శ్రోత పేరు పాటలో ఒక గడి. ఆ గడి నిండితేనే పాట పూర్తవుతుంది.

ఇక్కడిదాకా వచ్చి సంతోషించి ఆగిపోతే మనం కూడా శాలువ కప్పేవాళ్లతో సమానమే అవుతాం. ఈ సమష్టి కళ వెనక వున్న సంబంధమేమిటో నిక్కచ్చిగా చూడాలి. డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. మాదిగల గోత్రాలు చెప్పడం, జాంబపురాణం చెప్పడం వారి వృత్తి. మాదిగలను అడగడం వారి హక్కు. అంటరానివాళ్లని వూరు మాదిగల్ని బయట పెడితే, ఆ మాదిగవాడకు కూడా అవతల డక్కలి గుడిసె. పేరు పాటలో పెట్టించుకున్న అవ్వ డక్కలాయనను గడప లోపలికి రానిచ్చి వుండదు. వూరికి చివర, చివరకు మరో చివర: కులవ్యవస్థ మెట్లు కిన్నెర మెట్లకంటె ఎక్కువ. మనం మెచ్చుకుంటున్న ఆశుప్రతిభ ఈ ఆశ్రితత్వంలోనే పదునెక్కింది. అన్నం పుట్టాలంటే ఎదుటివాడి ముఖం చూసి, వాడి మనసు పసిగట్టి, వాడి వంశం ఎత్తి, వాడికి నచ్చేట్టు పాడాలి. తరాల తరబడి ఆకలి చేసిన కసరత్తు ఇది.

అంతోనియో గ్రామ్‌షీ జైల్లో రాసుకున్న పుటల్లో జానపదాన్ని వింత వస్తువుగా చూడవద్దన్నాడు. అది అణగారిన జనం ప్రపంచాన్ని చూసే చూపు, దాన్ని అంత గంభీరంగానూ తీసుకోవాలి అన్నాడు. అయితే ఆ చూపులో పాలకుల భావాలు కూడా పొరలు పొరలుగా పేరుకుని వుంటాయని కూడా ఆయన దాచలేదు. కిన్నెర పాటలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. ఒక గడిలో సాయన్న. మరో గడిలో పెట్టేచేయి. తిరుగుబాటుదారును కీర్తించే నోరూ, దాతను పొగిడే నోరూ ఒకటే. మొదటిదాన్ని మాత్రమే తీసుకుని "ప్రజాకవి" అంటే అది సగం నిజం. రెండోదాన్ని మాత్రమే చూసి "భట్రాజు" అంటే అది మొత్తంగా అన్యాయం.

అభ్యుదయ సాహిత్యోద్యమం జానపద రూపాలతో ఏం చేసిందో కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1943లో తెనాలిలో సంఘం పుట్టింది. ప్రజానాట్యమండలి బుర్రకథను చేతిలోకి తీసుకుంది. షేక్ నాజర్ గుమ్మెట మోతలో బెంగాలు కరువు, అల్లూరి సీతారామరాజు కథ వేలమందిని కదిలించాయి. నల్లగొండ వైపు సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని రైతాంగ పోరాటానికి పనిముట్టు చేశాడు. ఆ పని చరిత్రలో నిలిచింది. దాని విలువ గురించి ఈ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. కాని ఒక లోపం వుంది. రూపం ప్రజలది, వస్తువు మనది అన్న సూత్రం మనం చాలాకాలం పట్టుకు వేళ్లాడాం. పాత పాత్రలో కొత్త పాలు పోస్తున్నామని చెప్పుకున్నాం. ఆ పాత్రలో అప్పటికే ఏమున్నదో తొంగి చూసినవాళ్లు తక్కువ. సాయన్న కథకు వస్తువు మనం ఇవ్వలేదు. మన సంఘం పుట్టకముందే అది పాలమూరు వాడల్లో తిరుగుతున్నది. నాజర్ మహాకళాకారుడు, ఆయనకు కథలు రాసిచ్చే రచయితలు వుండేవారు, ఆయన రికార్డులు, ఆయన పేరు, ఆయన చరిత్ర మనం నిలబెట్టుకున్నాం. కిన్నెర పట్టినవాడు రచయిత కూడా తనే కావడంవల్ల మనకు వాడితో పని పడలేదు కాబోలు!

ఇక 2021. సెప్టెంబరు 2న విడుదలైన "భీమ్లా నాయక్" పాటకు తమన్ సంగీతం, రామజోగయ్య శాస్త్రి సాహిత్యం. పాట ఎత్తుగడ మొగులయ్యది: వీరుడి పుట్టుక, తల్లి, తండ్రి, అడవి, పులి. పైన చెప్పిన గళ్లే. సాయన్న నిలబడే చోట ఒక పోలీసు అధికారి పాత్ర నిలబడింది. సాయన్నను వేటాడినవాళ్ల బట్టలు వేసుకున్నవాడు సాయన్న గడిలో కూర్చున్నాడు! ఇందుకు మొగులయ్యను తప్పుపట్టేవాళ్లను నేను విన్నాను. తప్పు చదువు అది. పాటగాడు తన వ్యాకరణాన్ని వుల్లంఘించలేదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ల పేరు గడిలో పెట్టే వ్యాకరణమే అది. నా అభ్యంతరం వేరు. స్టూడియోలో ఎదురుగా గుంపు లేదు. కేకకు బదులు కేక లేదు. అక్కడ తీసుకున్నది గొంతు, తీగ శబ్దం, యాస, అంటే పాట పైతోలు. కొద్దిసేపు ఆ గొంతు వినిపించి పక్కకు తప్పుకుంటుంది. డప్పులు, వాద్యసమూహం ఆ చోటును ఆక్రమిస్తాయి. ఆ కొద్దిసేపే పాట మొత్తంలో అన్నిటికంటె సాంద్రమైన భాగం. పక్కనున్న వాద్యసమూహం ఎంత మోగినా దాని బరువుకు సాటి రాలేదు. ఇది నా అభిమానం కాదు, విని చూసుకోవచ్చు.

ఆ తర్వాత ఆయన ఆర్టీసీ బస్సు మీద పాట కట్టి పాడాడు. దానికి సంస్థవారు బస్సుల్లో వుచిత ప్రయాణపు పాసు ఇచ్చారు. చదువుకున్న మిత్రులు కొందరు దీన్ని చూసి ముఖం చిట్లించారు. నాకు ఆ పాట నచ్చింది. పాలమూరు మనిషి జీవితంలో బస్సు చిన్న వస్తువు కాదు. కరువు వచ్చిన ప్రతిసారీ పెట్టే బేడా సర్దుకుని ఆనకట్టల పనికి, కాలువల పనికి, పట్నం మేడల పనికి వలసపోయిన జిల్లా ఇది. "పాలమూరు లేబర్" అన్న మాట దేశమంతా తెలుసు. అట్లాంటి జనానికి బస్సు దాత కాక మరెవరు? రాజు గడిలో బస్సు కూర్చోవడంలో హాస్యమూ వుంది, న్యాయమూ వుంది. ఈ పాటలో ఆశుకవిగా ఆయన తన కాలపు వస్తువును పట్టుకున్నాడు. సినిమా పాటకంటె దీన్ని నేను పై పీట మీద కూర్చోబెడతాను.

2022 జనవరిలో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాదులో ఇంటి జాగా ప్రకటించింది. అంతకు ముందే ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఆయన మీద పాఠం వుంది. 2024 మే నెలలో, హైదరాబాదు శివారు తుర్కయాంజాల్ దగ్గర కట్టడం పనిలో కూలిగా ఆయన కనిపించిన దృశ్యం దేశమంతా తిరిగింది. నెలనెలా వచ్చే పదివేల రూపాయలు ఆగిపోయాయని ఆయన పత్రికలవారికి చెప్పాడు. తర్వాత అదే ఏడాది ఇంటి జాగా కాగితాలు చేతికందాయి. పత్రికలు దీన్ని "పద్మశ్రీకి పట్టిన గతి" అని రాశాయి. ఆ మాటలో నాకొక వెలితి కనిపిస్తుంది. పద్మశ్రీ కూలి పని చెయ్యడం అవమానం అన్న భావంలో కూలి పని అవమానం అన్న భావం కూడా దాగి వుంది. ఆయన తోటి పాలమూరు వాళ్లు లక్షలమంది చేసే పని అది. అడగవలసిన ప్రశ్న మరొకటి: ఇటుకలు మొయ్యడానికి రోజుకింత అని కూలి కట్టిన సమాజం, సాయన్న కథ ఒక రాత్రి కట్టి పాడడానికి కూలి ఎంత అని ఎందుకు కట్టలేకపోయింది? దానికి ఇచ్చేది ఎప్పుడూ దానమో, బహుమానమో, సత్కారమో. ఆ మూడూ ఇచ్చేవాడి ఇష్టం. కూలి చేసేవాడి హక్కు.

2024లో పద్మశ్రీ వచ్చిన దాసరి కొండప్పదీ పాలమూరే. నారాయణపేట జిల్లా దామరగిద్ద. బుర్రవీణ వాయిస్తాడు. ఆయన గొంతు కూడా అంతకుముందే "బలగం" చిత్రంలో వినిపించింది. రెండు సందర్భాల్లోనూ ముందు సినిమా, వెనక బిరుదు. ఇద్దరి ప్రతిభా బిరుదుకు మించినదే. కాని ఏ పాటగాడు పాటగాడో తేల్చే అధికారం మాదిగవాడ నుంచి సినిమా తెర మీదికి మారిపోయిందన్న సంగతి ఈ వరుస క్రమం చెబుతున్నది.

"మరి పాత సంబంధాన్ని తిరిగి నిలబెట్టాలంటారా?" అని ఒక సహోపాధ్యాయుడు నన్ను అడిగాడు. వీల్లేదు. డక్కలి పిల్లలు వాడవాడ తిరిగి చాటలు పట్టుకోవాలని ఏ అభ్యుదయవాది కోరగలడు? వాళ్లు బడికి పోవాలి, వుద్యోగాలకు పోవాలి, కిన్నెర ముఖం చూడకుండా వుండే హక్కు కూడా వాళ్లకు వుండాలి. "మీ తాతల కళను మీరే కాపాడాలి" అని ఆ పిల్లలకు నీతులు చెప్పేవాళ్లు తమ పిల్లల్ని ఇంజనీరింగు చదివిస్తున్నారు. కళను కాపాడే బాధ్యత ఒక్క కులం నెత్తిన పెట్టడం కులవృత్తిని మరో పేరుతో కొనసాగించడమే.

పాత సంబంధం పోవాలి. పాటకు మాత్రం ఎదురుగా గుంపు కావాలి. చిక్కంతా ఇక్కడే వుంది. అకాడమీలు పెట్టి ఆరునెలల శిక్షణలో కిన్నెర మెట్లు నేర్పవచ్చు. ఎదుటివాడి ముఖం చూసి గడి నింపడం నేర్పడానికి ఎదుటివాడు కూడా కావాలి కదా. ఆ ఎదుటివాడు దాత కానక్కరలేదు, నిర్మాత కానక్కరలేదు. విద్యార్థి కావచ్చు, కార్మికుడు కావచ్చు, వుపాధి హామీ పనిలో మట్టి తవ్వే ఆడమనిషి కావచ్చు. సంఘాలు, కళాశాలలు చెయ్యగల పని ఒకటుంది. పాటగాణ్ణి సభకు పిలిచి పది నిమిషాలు పాడించి శాలువ కప్పడం మాని, ఒక రాత్రంతా కూర్చుని విని, మాట్లాడుకున్న కూలి చేతికి ఇచ్చి, ఆ పాటను మొత్తంగా రికార్డు చెయ్యాలి. అదే కథను మరో వూళ్లో, మరో గుంపు ముందు మళ్లీ రికార్డు చెయ్యాలి. మూడోసారీ చెయ్యాలి. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ పెరిగింది, ఎక్కడ తరిగింది, ఏ గుంపు ఏ గడిని పెంచింది అని విద్యార్థులు రాయాలి. మనుచరిత్ర పాఠాంతరాలమీద ఎంత శ్రద్ధ పెట్టారో సాయన్న కథ పాఠాంతరాలమీద అంత శ్రద్ధ పెట్టమని అడుగుతున్నాను. రికార్డుమీద కర్తగా పాటగాడి పేరు వుండాలి. "సేకరణ" అని మన పేరు దానికింద చిన్న అక్షరాల్లో వుంటే చాలు.

పాన్‌గల్ తరగతిలో ఆ పని ఈ ఏడు మొదలుపెట్టాం. ఇప్పటికి పిల్లలు తెచ్చినవి రెండు రాత్రుల పాటలు. మొదటిదాంట్లో సాయన్న తల్లి ఘట్టం చాలా చిన్నది. రెండోదాంట్లో గుంపులో ముసలివాళ్లు ఎక్కువమంది వుండడంవల్ల కావచ్చు, ఆ ఘట్టం దాదాపు మూడింతలయింది. నడుమ ఒక అవ్వ ఏదో అడ్డుతగిలితే పాటగాడు ఆమె మాటనే అందుకుని చరణం కట్టాడు. ఆమె అన్న మాట రికార్డులో సరిగా వినపడలేదు. అదేమిటో కనుక్కురమ్మని పిల్లల్ని మళ్లీ పంపించాను.